క్యాజువాలిటీ డ్యూటీకి ముందే మీ చేతికి పడాల్సిన టీకాలు

ఎస్పీఎం (సోషల్ అండ్ ప్రివెంటివ్ మెడిసిన్) వైవాలో టీకాల షెడ్యూల్ అడిగితే మెడికోలం మనం నిద్రలో లేపినా చెప్తాం. పుట్టగానే బీసీజీ, జీరో డోసు పోలియో చుక్కలు, హెపటైటిస్ బి. ఆరు, పది, పద్నాలుగు వారాలకి అయిదు జబ్బులకి కలిపి వేసే పెంటావాలెంట్. తొమ్మిది నెలలు నిండాక ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా). అదే ఎగ్జామినర్ "సరేనమ్మా, నీకు హెపటైటిస్ బి ఎన్ని డోసులు పడ్డాయి?" అంటే మాత్రం నీళ్ళు నములుతాం. "పడ్డాయి సార్, చిన్నప్పుడు..." అంటాం. ఆ చిన్నప్పటి కార్డు ఎక్కడుందో అమ్మక్కూడా తెలీదు.

నేను గుంటూరులో ఎస్పీఎం పీజీ చేస్తున్నాను. మా డిపార్ట్‌మెంట్‌కి పోస్టింగ్ మీద వచ్చే ప్రతి హౌస్ సర్జన్ బ్యాచ్‌నీ ఇదే అడుగుతాను. మూడు డోసులూ పూర్తయి, ఆ తర్వాత టైటర్ (టీకా పట్టిందో లేదో చెప్పే రక్తపరీక్ష) కూడా చూయించుకున్నామని చెప్పేవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఫస్ట్ ఇయర్ ఫౌండేషన్ కోర్సులో దీని మీద క్లాసు ఉంటుంది, కాదనను, కానీ అప్పుడు మనం కొత్త ఏప్రన్ వేసుకుని ఫొటోలు దిగే హడావుడిలో ఉంటాం. అందుకే ఎవరికి ఏది కావాలి, ఎప్పుడు మొదలుపెట్టాలి, మెడికల్ షాపులో ఏమని అడగాలి అన్నది ఒకచోట రాసిపెడుతున్నా. సెకండ్ ఇయర్‌లో వార్డు పోస్టింగులు మొదలైనప్పుడే చదివితే మంచిది. ఇప్పటికే హౌస్ సర్జన్సీలో ఉంటే ఈ వారమే మొదలుపెట్టండి.

ముందు నా సంగతి చెప్తాను, ఇందులో గొప్పగా చెప్పుకునేదేమీ లేదు. సెకండ్ ఇయర్‌లో హెపటైటిస్ బి టీకా క్యాంపు పెడితే రెండు డోసులు వేయించుకున్నాను. మూడోది ఇంటర్నల్స్ టైమ్‌లో పడింది, "తర్వాత చూద్దాం" అనుకున్నాను, ఆ తర్వాత అనేది రాలేదు. హౌస్ సర్జన్సీలో ఓ రాత్రి క్యాజువాలిటీలో బైక్ యాక్సిడెంట్ కేసుకి నెత్తి మీద కుట్లు వేస్తున్నా. లైటు సరిగ్గా లేక అతని బావమరిది సెల్‌ఫోన్ టార్చ్ పట్టుకున్నాడు. పేషెంట్ మందు మీదున్నాడు, తల విదిలించాడు, సూది నా ఎడమ చూపుడు వేల్లో దిగింది. గ్లోవ్ తీసి చూస్తే ఆవగింజంత రక్తపు చుక్క. తుడిస్తే పోయింది, మళ్ళీ వచ్చింది. అరగంటలో పేషెంట్ కార్డు టెస్టు వచ్చింది: హెచ్‌ఐవీ నెగెటివ్, హెచ్‌బీఎస్ఏజీ పాజిటివ్, అంటే ఒంట్లో హెపటైటిస్ బి వైరస్ ఉన్నట్టు. డ్యూటీ మేడమ్ "వ్యాక్సిన్ అయిందా?" అన్నారు. "అయింది మేడమ్." "ఎన్ని డోసులు? టైటరెంత?" నా దగ్గర జవాబు లేదు. అప్పుడు వేయాల్సిన ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ని అడ్డుకునే రెడీమేడ్ యాంటీబాడీల ఇంజెక్షన్) అక్కడ స్టాకులో లేదు. నా రూమ్మేట్ తెల్లవారుజామున షాపులన్నీ తిరిగి, చివరికి మధ్యాహ్నానికి తెచ్చాడు. దాని బిల్లు చూశాక ఆ మానేసిన మూడో డోసు ఎంత చవకో తెలిసొచ్చింది. ఆరు నెలల తర్వాత పరీక్షలన్నీ నెగెటివే వచ్చాయి. ఆ ఆరు నెలలూ ఎంత టెన్షన్ పడ్డానో ఇంట్లో చెప్పలేదు.

హెపటైటిస్ బి: మొదట ఇదే

సూది గుచ్చుకుంటే అందరూ హెచ్‌ఐవీకే భయపడతారు. నిజానికి హెచ్‌ఐవీ ఉన్న రక్తంతో గుచ్చుకుంటే అంటుకునే అవకాశం సుమారు 0.3 శాతం. టీకా లేని మనిషికి హెపటైటిస్ బి ఉన్న రక్తంతో గుచ్చుకుంటే అది 6 నుంచి 30 శాతం దాకా ఉంటుంది, పేషెంట్ ఈ-యాంటిజెన్ (వైరస్ జోరుగా పెరుగుతోందని చెప్పే గుర్తు) పాజిటివ్ అయితే పై అంచు దగ్గర. పైగా ఈ వైరస్ ఎండిపోయిన రక్తపు మరకలో వారం రోజులు బతికి ఉంటుంది. అంటే డ్రెస్సింగ్ ట్రాలీ అంచున ఉన్న పాత మరక కూడా అమాయకమైనది కాదు. సూదితో వచ్చే మూడు పెద్ద జబ్బుల్లో (హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి) టీకా ఉన్నది దీనికొక్కదానికే.

షెడ్యూల్ 0, 1, 6 నెలలు. ఇవాళ మొదటిది, నెలకి రెండోది, మొదటి దాన్నుంచి ఆరు నెలలకి మూడోది. మధ్యలో ఆపేశారా? మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు, ఎక్కడ ఆగారో అక్కణ్ణుంచే. ఈ ఒక్క ముక్క తెలీకే సగంమంది "అయ్యో మళ్ళీ మూడూనా" అనుకుని అసలు వెళ్ళరు. రెండేళ్ళ కిందట రెండు వేయించుకున్నవాళ్ళు ఇవాళ మూడోది వేయించుకుంటే కోర్సు అయిపోయినట్టే.

షాపులో "హెపటైటిస్ బి ఇవ్వండి" అని ఊరుకోవద్దు, "పెద్దవాళ్ళది, ఒక ఎంఎల్, 20 మైక్రోగ్రాములది" అని అడగండి. పిల్లల వయల్‌లో ఉండేది అందులో సగమే. డోసు ఖరీదు ఓ బిర్యానీ పార్శిల్ అంత కూడా ఉండదు. ఒకప్పుడు బయటి దేశాల నుంచి వచ్చిన ఖరీదైన టీకా ఇది, ఉన్నవాళ్ళ పిల్లలకే దొరికేది. నెల్లూరు జిల్లా నుంచి వచ్చిన వరప్రసాద్ రెడ్డి గారు హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ పెట్టి, 1997లో షాన్వాక్-బి తెచ్చాక రేటు నేలకి దిగింది. మన పక్కింట్లో తయారైన టీకా మన చేతికే పడకపోతే ఎలా?

కొనడానికి ముందు మీ కాలేజీలోనే అడగండి. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమంలో ఆరోగ్య సిబ్బందికి ఈ టీకా ఉచితంగా ఇవ్వాలని ఉంది. ఎస్పీఎం లేదా మైక్రోబయాలజీ డిపార్ట్‌మెంట్‌కి అయిదారుగురు కలిసి ఒక లెటర్ రాసుకుని వెళ్తే పని తొందరగా అవుతుంది. ఒక్కరే వెళ్తే "చూద్దాంలే బాబూ" అంటారు.

కొనుక్కోవాల్సి వస్తే మాత్రం చల్లదనం జాగ్రత్త. గుంటూరు కొత్తపేటలోనో విజయవాడ సూర్యారావుపేటలోనో మే నెల మధ్యాహ్నం కొని, బండి డిక్కీలో పెట్టుకుని, టీ తాగి తీరిగ్గా హాస్టల్‌కి వెళ్తే ఆ టీకా ఏ పాటి పనిచేస్తుందో మీకే తెలుసు. అది 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. దీనికి విరుగుడుగా కొందరు వయల్‌ని నేరుగా ఐసుగడ్డల మధ్య పెడతారు, అది ఇంకా పెద్ద తప్పు. ఈ టీకా ఎండని కాసేపన్నా ఓర్చుకుంటుందేమో గానీ గడ్డకడితే మాత్రం పూర్తిగా పోయినట్టే. ఫ్లాస్కులో ఐసు వేసి, వయల్‌ని కాగితంలో చుట్టి పైన పెట్టి, కొన్న గంటలోపే వేయించుకోండి. హాస్టల్ ఫ్రిజ్‌లో ఐస్‌క్రీమ్ డబ్బా పక్కన దాచుకోవద్దు.

ఇంజెక్షన్ భుజం కండకే. తోటి హౌస్ సర్జన్ చేత గబగబా పిరుదుకి వేయించుకుంటే కొవ్వులో పడి ఫలితం తగ్గుతుంది. వేసుకున్నాక పదిహేను నిమిషాలు కూర్చోండి, వీలైతే అరగంట. రోజుకి వంద ఇంజెక్షన్లు వేసే కుర్రాడు తన వంతు వచ్చేసరికి కళ్ళు తిరిగి పడిపోవడం నేను చూశాను, అదీ పొద్దున్న టిఫిన్ చేయకుండా వచ్చి.

టైటర్ అంటే ఏది? కౌంటర్ దగ్గర జరిగే పొరపాటు

మూడో డోసు అయిన నెల నుంచి రెండు నెలల లోపు టైటర్ చూయించుకోవాలి. ఇక్కడ జరిగే పొరపాటు ఎంత మామూలంటే, పోయిన బ్యాచ్‌లో ఒకమ్మాయి మొహం వెలిగిపోతూ రిపోర్టు తెచ్చి "నాది నెగెటివ్ వచ్చింది సార్, సేఫ్" అంది. చూస్తే అది హెచ్‌బీఎస్ఏజీ. ఒంట్లో వైరస్ ఉందా లేదా అన్నది చెప్పేది అది. మనకి కావాల్సింది యాంటీ-హెచ్‌బీఎస్, అంటే టీకా పట్టిందా లేదా అన్నది. ల్యాబ్‌లో "యాంటీ-హెచ్‌బీఎస్ టైటర్, క్వాంటిటేటివ్" అని స్పష్టంగా చెప్పండి, రిపోర్టులో అంకె రావాలి. మిల్లీలీటరుకి 10 మిల్లీ ఇంటర్నేషనల్ యూనిట్లు, ఆపైన ఉంటే మీరు గట్టెక్కారు. ఒకసారి 10 దాటినట్టు కాగితం ఉంటే, ఆరోగ్యవంతులకి ఆ తర్వాత బూస్టర్లు అక్కర్లేదు, ఏళ్ళ తర్వాత అంకె తగ్గినా సరే.

10 లోపు వస్తే కంగారుపడొద్దు. చిన్నప్పుడు టీకా పడిన చాలామందికి ఇరవై ఏళ్ళొచ్చేసరికి అంకె పడిపోతుంది, లోపల జ్ఞాపకం మాత్రం ఉంటుంది. ఒక డోసు వేయించుకుని నెలా రెండు నెలలకి మళ్ళీ చూయించండి, ఎక్కువమందికి ఎగబాకుతుంది. అప్పటికీ రాకపోతే మిగతా రెండు డోసులూ వేయించుకుని ఇంకోసారి చూడాలి. రెండు పూర్తి కోర్సుల తర్వాత కూడా రాకపోతే మీరు నాన్-రెస్పాండర్. అప్పుడు హెచ్‌బీఎస్ఏజీ, యాంటీ-హెచ్‌బీసీ కూడా చేయించుకోవాలి, ఎందుకంటే ఇన్ఫెక్షన్ ఇదివరకే ఉండి ఉండొచ్చు. అది లేదని తేలితే, మీకు సూది గుచ్చుకున్నప్పుడు ఇమ్యునోగ్లోబులినే దిక్కు అని మీకూ మీ యూనిట్‌కీ తెలిసి ఉండాలి. ఇంకో చిన్న సంగతి: టీకా వేసుకున్న మూడు వారాల లోపు హెచ్‌బీఎస్ఏజీ టెస్టు చేయించుకోకండి. టీకాలో ఉన్నదే ఆ యాంటిజెన్ కాబట్టి దొంగ పాజిటివ్ రావొచ్చు. ఆ రిపోర్టు చూసి రాత్రంతా ఏడ్చిన వాళ్ళున్నారు.

చిన్నప్పుడు పడిందా లేదా అన్న అనుమానం మన వయసువాళ్ళకి సహజమే. జాతీయ కార్యక్రమంలో ఈ టీకా దేశమంతటికీ చేరేసరికి 2011 వచ్చింది. అంతకుముందు పుట్టినవాళ్ళకి ఊరిని బట్టి, డాక్టరుని బట్టి పడి ఉండొచ్చు, పడకపోనూ వచ్చు. కార్డు లేకపోతే పడలేదనే అనుకుని మూడూ వేయించుకోండి, నష్టమేమీ లేదు.

మిగతావి

తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా. 2017 ఆగస్టులో మన రాష్ట్రంలో బళ్ళన్నింటిలో ఎంఆర్ టీకా వేశారు, తొమ్మిది నెలల నుంచి పదిహేనేళ్ళ లోపు పిల్లలందరికీ. మీరప్పుడు ఎనిమిదో తొమ్మిదో తరగతి అయ్యుంటే లైన్లో నిలబడిన గుర్తుండాలి, వేలికి గుర్తు కూడా పెట్టారు. కానీ అందులో గవదబిళ్ళల టీకా లేదు, హాస్టల్లో ఒకరికి వస్తే ఫ్లోరంతా బుగ్గలు పట్టుకుని తిరిగేది దానివల్లే. కార్డు మీద రెండు డోసుల లెక్క తేలకపోతే నాలుగు వారాల తేడాతో రెండు ఎంఎంఆర్ డోసులు వేయించుకోండి. ఇది బతికున్న వైరస్ టీకా కాబట్టి గర్భంతో ఉన్నవాళ్ళకి వేయకూడదు, వేయించుకున్నాక నెల రోజులు గర్భం రాకుండా చూసుకోవాలి. పెళ్ళయిన పీజీ అక్కలు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఆటలమ్మ. దీనికి ల్యాబ్ కన్నా ముందు అమ్మకి ఫోన్ చేయండి. "మూడో తరగతిలో పోసిందిరా, వేపాకుల మీద పడుకోబెట్టాను, తొమ్మిదో రోజు నీళ్ళు పోశాం" అని ఆవిడ చెప్తే అంతకు మించిన హిస్టరీ లేదు, మీకు టీకా అక్కర్లేదు. "నీకా? గుర్తు లేదే" అంటే నాలుగు నుంచి ఎనిమిది వారాల తేడాతో రెండు డోసులు. మనలాంటి వేడి ప్రాంతాల్లో చిన్నప్పుడు ఆటలమ్మ రాకుండానే పెద్దయ్యేవాళ్ళు ఎక్కువ, పెద్దయ్యాక వస్తే న్యుమోనియా దాకా వెళ్తుంది. పిల్లల వార్డులోనో లేబర్ రూమ్‌లోనో డ్యూటీ చేసే మీకు వస్తే మీ ఒక్కరితో ఆగదు కూడా. ఎంఎంఆర్, ఇదీ రెండూ కావాలంటే ఒకే రోజు చెరో చేతికి వేయించుకోండి, లేదా నాలుగు వారాల ఎడం పెట్టండి. మధ్యలో వేయించుకోవద్దు.

ధనుర్వాతం గురించి మనవాళ్ళకి చెప్పక్కర్లేదు, బైక్ మీద నుంచి పడ్డ ప్రతిసారీ టీటీ వేయించుకునే ఊరు మనది. కాకపోతే ఇప్పుడు టీటీ కాదు, టీడీ. 2019లో జాతీయ షెడ్యూల్ మారింది, డిఫ్తీరియా (కంఠసర్పి) కూడా కలిసింది. కంఠసర్పి పుస్తకంలోనే ఉందనుకునేవాళ్ళు హైదరాబాద్ ఫీవర్ హాస్పిటల్‌లో పనిచేసినవాళ్ళని ఒకసారి అడగండి. పదేళ్ళకి ఒకటి, అందులో ఒకసారి కోరింత దగ్గు కూడా ఉండే టీడాప్ అయితే మంచిది, ముఖ్యంగా పీడియాట్రిక్స్‌కి వెళ్ళేవాళ్ళకి. టీడీ కోసం బుధవారమో శనివారమో పీహెచ్‌సీలో ఏఎన్ఎమ్ అక్కని పలకరిస్తే చాలు, రూరల్ పోస్టింగ్‌లో ఎలాగూ అక్కడే ఉంటారు.

ఫ్లూ టీకా ఏడాదికోసారి. మన దగ్గర వానలతో ఒకసారి, చలికాలంలో ఇంకోసారి పెరుగుతుంది కాబట్టి వానలకి ముందే, ఆ ఏడాది కొత్త స్ట్రెయిన్లతో వచ్చినదే వేయించుకోండి. డేటు చూడకపోతే పోయినేడాది స్టాకు అంటగడతారు.

రేబిస్ సంగతి ఎవరూ పట్టించుకోరు. ఏఆర్‌వీ ఓపీలో (కుక్కకాటు టీకాలు వేసేచోట) పోస్టింగ్ పడేవాళ్ళు, హైడ్రోఫోబియా (రేబిస్ ముదిరిన) కేసులు చూసేవాళ్ళు ముందస్తుగా 0, 7, 21 లేదా 28వ రోజున మూడు డోసులు వేయించుకోవాలని మన జాతీయ మార్గదర్శకాల్లోనే ఉంది. లాభమేంటంటే, తర్వాత ఎప్పుడైనా కుక్క కరిస్తే 0, 3 రోజుల్లో రెండు డోసులతో సరిపోతుంది, గాయం చుట్టూ గుచ్చే ఆ ఇమ్యునోగ్లోబులిన్ అక్కర్లేదు. నైట్ డ్యూటీ నుంచి హాస్టల్‌కి నడిచి వెళ్ళేదారిలో ఎన్ని కుక్కలున్నాయో లెక్కపెట్టుకుని మీరే నిర్ణయించుకోండి.

టైఫాయిడ్‌కి కాంజుగేట్ టీకా ఒక్క డోసు. మెస్ తిండి, బండి మీద పునుగులు, పైపు నీళ్ళు... 2018లో గుంటూరు ఆనందపేటలో తాగునీళ్ళు కలుషితమై అతిసారంతో జనం చనిపోయారు, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. అలాంటప్పుడు మెడికల్ క్యాంపులకి నీళ్ళలో దిగి వెళ్ళేది మనమే. హెపటైటిస్ ఏ టీకా కూడా అప్పుడు గుర్తొస్తుంది, కానీ వరద వచ్చాక వేసుకుంటే ఆ క్యాంపుకి అందదు. ఎలుకల జ్వరానికి ఇక్కడ మన చేతిలో టీకా లేదు, ముందస్తుగా వేసుకునే డాక్సీసైక్లిన్ మాత్రల సంగతి మీ సార్‌ని అడగండి.

హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ని అడ్డుకునే టీకా) వృత్తికి సంబంధించింది కాదు గానీ ఇరవై ఆరేళ్ళ లోపు వయసు కాబట్టి చెప్తున్నా. ఈ వయసులో 0, 2, 6 నెలలకి మూడు డోసులు. సీరమ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ సెర్వావాక్‌కి 2022లో మగపిల్లలక్కూడా అనుమతి ఇచ్చారు. "పెళ్ళి కాకుండానే ఎందుకు?" అని ఇంట్లో అడుగుతారు. పెళ్ళికి ముందే వేయించుకోవాల్సిన టీకా అదే అని నిదానంగా చెప్పండి. పెద్దవాళ్ళు కొందరు ఖమ్మం పేరు ఎత్తుతారు. అక్కడ ఆడపిల్లలకి ఈ టీకా వేసిన ప్రాజెక్టుని, కొందరు పిల్లలు చనిపోయాక, 2010లో ఆపేశారు. విచారణలో ఆ పిల్లల మరణాలకి టీకా కారణమని తేలలేదు, తేలింది తల్లిదండ్రుల అనుమతి సరిగ్గా తీసుకోలేదని. రేపు ఓపీలో ఒక తల్లి అడిగితే ఈ రెండూ చెప్పగలగాలి, "అదంతా పుకారమ్మా" అని కొట్టిపారేస్తే ఆవిడ మళ్ళీ రాదు.

బీసీజీ మళ్ళీ వేయించుకోవాలా అని అడుగుతుంటారు, అక్కర్లేదు. టీబీ వార్డులో మిమ్మల్ని కాపాడేది ఎన్95, తెరిచిన కిటికీ.

అయినా గుచ్చుకుంటే

సబ్బుతో నీళ్ళ కింద కడగండి. పిండొద్దు, నోట్లో పెట్టుకోవద్దు, స్పిరిట్ పోయొద్దు. పక్కనున్న పీజీకి వెంటనే చెప్పండి, దాచుకోవద్దు, తిడితే తిట్టనీయండి. పేషెంట్ రక్తం పరీక్షకి పంపండి, మీదీ పంపండి. ఇమ్యునోగ్లోబులిన్ తీసుకోవాల్సి వస్తే టైటర్ రక్తం దానికి ముందే తీయాలి, లేకపోతే వచ్చే అంకెకి అర్థం ఉండదు. హెచ్‌ఐవీకి మందులు రెండు గంటల్లో మొదలుపెడితే మేలు, 72 గంటలు దాటితే లాభం లేదు, మొత్తం 28 రోజులు. హెపటైటిస్ బి ఇమ్యునోగ్లోబులిన్ 24 గంటల లోపు, వారం దాటకుండా, టీకా డోసు ఇంకో చేతికి. ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ మందులిచ్చే) సెంటర్ ఏ బ్లాక్‌లో ఉందో, రాత్రిపూట ఆ మందుల కిట్ ఎవరి దగ్గర ఉంటుందో మొదటి డ్యూటీ రోజే కనుక్కోండి. నేను ఆ రాత్రి రెండు గంటలకి కనుక్కోవాల్సి వచ్చింది.

ఇక ఇవాళ చేయాల్సిన పని. ఒక తెల్లకాగితం తీసుకుని టీకా పేరు, తేదీ, కంపెనీ, బ్యాచ్ నంబరు, వేసినవాళ్ళ సంతకం గళ్ళు గీయండి, దాని ఫొటో ఫోన్‌లో పెట్టుకోండి. అమెరికా ఆసుపత్రుల్లో ఎలక్టివ్స్‌కి (కొన్నాళ్ళ ట్రైనింగ్‌కి) వెళ్ళేవాళ్ళు ఇవే కాగితాల కోసం ఆఖరి వారంలో ల్యాబుల చుట్టూ పరుగెడతారు. అక్కడి పేషెంట్ల కోసం చూయించుకునే టైటర్ ఇక్కడి పేషెంట్ల దగ్గర ఎందుకు గుర్తు రాదో నాకర్థం కాదు. కాగితంలో హెపటైటిస్ బి మూడో గడి ఖాళీగా ఉంటే ఆ తేదీని క్యాలెండర్‌లో వేసుకుని, ఆ రోజు డ్యూటీ ఎవరితో మార్చుకుంటారో ఇప్పుడే మాట్లాడేసుకోండి.